కాలు ఆడించే పిల్ల

1948. సికింద్రాబాద్, రాంగోపాల్‌పేట్. మా బడి వెనక వరండా చివర చెక్క నేల పరిచిన గది ఒకటి ఉండేది. తెల్లవాళ్ల పటాలం ఉన్నప్పుడు బ్యాండు వాయిద్యాలు దాచుకునేవారట అందులో. ఆ గదిలో నేను చెవులు వినపడని పిల్లలకు, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు కలిపి పాఠం చెప్పేదాన్ని. స్పెషల్ ఎడ్యుకేషన్ అనే మాట అప్పటికి మా దాకా రాలేదు. బడిలో అందరూ 'ఆఖరు గది' అనేవాళ్లు. మద్రాసులో చెవిటి పిల్లల చదువుకు ట్రైనింగ్ అయి వచ్చాను కాబట్టి నన్ను అందులో వేశారు. రెండు రకాల పిల్లల్ని ఒక్కచోట ఎట్లా నడపాలో ఆ ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. అది పిల్లల్ని చూస్తూ నేర్చుకున్నదే.

ముందు బెంచీలు తీయించేశాను. పిల్లల్ని అర్ధచంద్రాకారంలో చాపల మీద కూర్చోబెట్టి, కిటికీలో వెలుగు నా ముఖం మీద పడేటట్టు వాళ్లకెదురుగా కూర్చునేదాన్ని. పెదాల కదలికను చూసి మాట పోల్చుకోవడాన్ని లిప్ రీడింగ్ అంటారు. టీచరు ముఖం నీడలో ఉంటే పిల్లలకు ఆ పాఠం లేనట్టే. ఎవరినైనా పిలవాలంటే చెక్క నేలను మడమతో కొట్టేదాన్ని. ఆ అదురు అరికాళ్లకు తగిలి తల ఎత్తేవాళ్లు. వినపడని పిల్లను వెనకనుంచి వచ్చి ముట్టుకోకూడదు, ఎదురుగా వచ్చి కనపడాలి. ఒక్కసారికి ఒక్క పని మాత్రమే చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువగా నాకు ఉపయోగపడింది గోడకు కట్టిన తాడు. ఆ రోజు చేయబోయే పనుల బొమ్మలు అట్టల మీద గీసి, వరుసగా ఆ తాడుకు తగిలించేదాన్ని. ప్రార్థన, అక్షరాలు, చింతగింజలు ఏరడం, అన్నం, ఆట, ఇల్లు. ఒక పని అయిపోగానే ఆ అట్ట తిప్పేయాలి. ఇప్పటి వాళ్లు దీన్ని విజువల్ షెడ్యూల్ అంటున్నారు. మాకది 'తాడు' అంతే.

ఆ సంవత్సరం తాడు మీద అట్టలు సరిగ్గా నడిచిన రోజులు తక్కువ. ఎండాకాలం నుంచే ఊరు ఊరులా లేదు. రజాకార్ల కవాతులు, బజారు నిండా పుకార్లు. కొందరు పిల్లల తల్లిదండ్రులు సామాన్లు కట్టుకుని బెజవాడ వైపో నాగపూరు వైపో వెళ్లిపోయారు. సెప్టెంబర్‌లో నెత్తిమీద విమానాలు తిరిగాయి, బడి మూతపడింది. తర్వాత యూనియన్ సైన్యం ఊళ్లోకి వచ్చిందన్నారు. పోలీస్ యాక్షన్ అయిపోయిందన్నారు. నిన్నటిదాకా ఒక వీధివాళ్లు తలుపులు బిగించుకుని కూర్చున్నారు, ఇప్పుడు పక్కవీధివాళ్లు బిగించుకున్నారు. బడి తెరిచాక పిల్లలు వచ్చారు గాని, ఇళ్లలో ఉన్న భయాన్ని ఒంటిమీద మోసుకొచ్చారు. ఒకడు గోళ్లు కొరికేవాడు, ఒకతె చాప ఈనెలు పీకేది. నాకూ కుర్చీలో కుదురుండేది కాదు. రోడ్డు మీద లారీ చప్పుడైతే చాలు, మాట మధ్యలో ఆపి కిటికీ వైపు చూసేదాన్ని. నేను చూస్తే పిల్లలంతా చూసేవాళ్లు.

జైనబ్ ఆ గదిలో చదివే పిల్ల. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. పుట్టినప్పటినుంచీ చెవులు వినపడవు. ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో. తండ్రి మస్తాన్ దర్జీ, మా బడికి రెండు సందుల అవతల అతని దుకాణం. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు, నాన్నను మాత్రం అబ్బా అనేవాళ్లు. రోజూ పొద్దున మస్తాన్ పిల్లను భుజాల మీద ఎక్కించుకుని తెచ్చి మా వరండాలో దింపి దుకాణానికి పోయేవాడు. సాయంత్రం మెడలో టేపు అట్లాగే వేలాడుతుండగా వచ్చి తీసుకుపోయేవాడు. క్లాసులో అందరికంటే నెమ్మదైన పిల్ల ఆమె. రంగులు పూసిన చింతగింజలు రంగుల వారీగా ఏరమంటే, పక్కవాళ్లవి కూడా ఏరిపెట్టేది.

యాక్షన్ అయిన కొన్నాళ్లకు మస్తాన్‌ను పట్టుకుపోయారు. రజాకార్ల ఖాకీ బట్టలు కుట్టాడని ఎవరో చెప్పారట. కుట్టిన మాట నిజమే. తుపాకీ భుజాన వేసుకుని వచ్చి బట్ట ముందు పడేస్తే, కుట్టనని చెప్పగల దర్జీ ఆ బజారులో ఎవరున్నారు? తెల్లవారకముందే వచ్చి తీసుకుపోయారు. పిల్ల నిద్రలో ఉంది. లేచి చూసేసరికి అబ్బా లేడు. ఏ జైల్లో పెట్టారో ఇంట్లోవాళ్లకే తెలియలేదు.

ఈ సంగతి ఆమె తల్లి హుస్సేన్‌బీ పిల్లను బడిలో దింపడానికి వచ్చినప్పుడు నాకు లోగొంతుతో చెప్పింది. పిల్లకు ఏం చెప్పావని అడిగాను. దుకాణం వైపు చెయ్యి చూపించి, పనికి పోయాడని సైగ చేశానంది. ఆ పూట నేను కూడా అది సరే అనుకున్నాను.

ఆ రోజునుంచి జైనబ్ మారిపోయింది. కూర్చున్న చోట కూర్చోదు. కుడికాలి మునివేళ్లతో చెక్క నేలను తడుతూనే ఉంటుంది. తట్టడం, ఆపి నా ముఖం వైపు చూడడం, మళ్లీ తట్టడం. ఆ అదురు గదంతా పాకి, మిగతా చెవిటి పిల్లలు టీచర్ పిలుస్తున్నదనుకుని మాటిమాటికీ తలలెత్తేవాళ్లు. బుద్ధి మందంగా ఉన్న వెంకటేశానికి ఆ చప్పుడు వినపడేది. వాడు చెవులు మూసుకుని ఏడుపు లంకించుకునేవాడు. చింతగింజల గిన్నె ముందు పెడితే జైనబ్ బోర్లించింది. తలుపు తెరుచుకుంటే చాలు పరుగెత్తేది, ఒకసారి గేటు కూడా దాటింది. పట్టుకుంటే కరిచింది.

నాకు తెలిసిన ఉపాయాలన్నీ వాడాను. కుదురులేని పిల్లకు ఒళ్లు అలిసే పని ఇవ్వాలి. నీళ్ల కుండ మోయించాను, నల్లబల్ల తుడిపించాను. బీరువా వెనక 'నిమ్మళించే మూల' అని ఒకటి పెట్టుకున్నాం. అక్కడ ఒక దుప్పటి, ఇసుక పళ్లెం ఉంటాయి. మనసు చెదిరిన పిల్లలు అక్కడ కాసేపు కూర్చుని వస్తారు. జైనబ్ అక్కడా నిలవలేదు. కాలి కింద మెత్తటి గోనె పరిచాను. గోనె పక్కకు నెట్టి మళ్లీ చెక్క మీదే తట్టింది. ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని మోకాలి మీద చెయ్యి వేసి ఆ కాలును మెల్లగా ఆపితే, నా చెయ్యి తీసి విసిరికొట్టింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అది మొండితనపు చూపు కాదు.

క్లాసు బయట సణుగుడు మొదలైంది. వెంకటేశం తండ్రి రైల్వేలో గుమాస్తా, మంచి మనిషే. కొడుకు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని చెప్పడానికి వచ్చి, చివర్లో గొంతు తగ్గించి, ఆ దర్జీ పిల్లను ఇంకా ఎందుకు ఉంచుకున్నారని అడిగాడు. హెడ్‌మిస్ట్రెస్ అంత మాట అనలేదు. ఆమె భయం వేరు. బయట సైనికులు కాపలా తిరుగుతున్నారు, ఆగమంటే ఆ పిల్లకు వినపడదు, రేపు ఏదైనా జరిగితే బడి ఏమని జవాబు చెప్పుకుంటుంది అన్నది. ఇంకొక్కసారి గేటు దాటితే పేరు కొట్టేస్తానంది. ఆమె చెప్పినదాంట్లో తప్పులేదు. అయితే ఈ గది కాదంటే జైనబ్‌కు ఊళ్లో ఇంకో గది లేదు.

తర్వాత రెండు రోజులు నేను తలుపుకు వీపు ఆనించి పాఠం చెప్పాను. వెలుగు నా ముఖం మీద పడదు, పిల్లలకు పెదాలు కనపడవు. పాఠం చెబుతున్నానో కాపలా కాస్తున్నానో నాకే తెలియలేదు.

అయినా ఆమె పోయింది. పొద్దున ప్రార్థన గంటకు పిల్లలంతా ఒక్కసారి లోపలికి వస్తుంటే, వాళ్లకు ఎదురుగా సందు చేసుకుని బయటపడింది. నేను చెప్పులు లేకుండానే వెనక పరుగెత్తాను. సందు మలుపులో ఇద్దరు జవాన్లు నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల ముందునుంచే బాణంలా దూసుకుపోయింది. ఒకతను ఆగమని అరిచాడు. ఆమె ఆగలేదు. అతను మళ్లీ అరిచి, భుజం మీది తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. పిల్ల మీద పేల్చేవాడు కాకపోవచ్చు. అప్పుడు అదేమీ తోచలేదు. ఆమెకు చెవులు వినపడవని నాకు వచ్చిన హిందుస్తానీలో ఎంత గొంతుంటే అంత గొంతుతో అరుస్తూ, అతనికీ పిల్లకూ మధ్యకు పోయి నిలబడ్డాను. అతను నన్ను చూశాడు, అంత దూరంలో పరుగెత్తుతున్న చిన్న గౌను చూశాడు, తుపాకీ మళ్లీ భుజానికి తగిలించుకున్నాడు. నేను మళ్లీ పిల్ల వెనక పరుగెత్తాను.

ఆమె దొరికింది తండ్రి దుకాణం ముందు. చెక్క తలుపులకు తాళం ఉంది. జైనబ్ రెండు అరచేతులూ, చెంపా ఆ తలుపుకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. కాసేపు ఒక రెక్క మీద, కాసేపు ఇంకో రెక్క మీద. తలుపు అవతల మిషన్ ఆడుతుంటే ఆ అదురు ఆమె చేతులకు తెలుస్తుంది. తండ్రి లోపల ఉన్నాడో లేడో ఆమె కనుక్కునే పద్ధతి అది. అమ్మ పనికి పోయాడంది కదా, మరి మిషన్ ఎందుకు ఆడడం లేదు? కళ్లు తెరిచి నన్ను చూసింది. రాతిమెట్టు మీద కుడికాలి మునివేళ్లతో తట్టింది. ఆగి నా ముఖం వైపు చూసింది.

అప్పుడే ఎవరో చెబితే హుస్సేన్‌బీ అక్కడికి పరుగున వచ్చింది. కాలు తట్టడం చూడగానే ఆమె ముఖం ముడుచుకుపోయింది.

"వాళ్ల అబ్బాను అడుగుతున్నది టీచరమ్మా. దినమంతా గిదే అడుగుతది," అంది.

"కాలుతోనా?"

"ఆయన మిషన్ తొక్కుతడు గద. చిన్నప్పటినుంచి ఆయనను గట్లనే పిలుస్తది."

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఇన్ని రోజులుగా నా ఎదురుగా కూర్చుని ఆమె ఒకే ఒక్క మాట అంటున్నది. ఇంట్లో పుట్టిన సైగ అది. తండ్రే తెచ్చి దింపినంతకాలం క్లాసులో ఆయన కోసం ఆ సైగ చేసే అవసరం ఆమెకు రాలేదు. కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. ఆమెది తండ్రి మీద బెంగేనేమో కనుక్కుందామని ఈమధ్య రెండు మూడుసార్లు 'అబ్బా' అని పలికి చూశాను. ప్రతిసారీ ఆమె తల్లి వచ్చే దారివైపు వేలు చూపించింది. లిప్ రీడింగ్‌లో ఉన్న పెద్ద చిక్కు అదే. 'అమ్మా' అన్నా 'అబ్బా' అన్నా పెదాలు ఒకే తీరుగా కలిసి విడిపోతాయి. చూసేవాళ్లకు తేడా కనపడదు. ముక్కు మీద వేలు పెట్టి అదురు చూస్తేనే 'మ' తెలుస్తుంది. మా ఇద్దరి మధ్యా తండ్రికి మాటే లేకుండా పోయింది.

పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పేద్దామన్నాను హుస్సేన్‌బీతో. ఆమె ఒప్పుకోలేదు. జైలు అంటే పిల్లకు ఏం తెలుస్తుంది, తెలిస్తే తిండి మానేస్తుంది, ఆయన నేడో రేపో వస్తే ఈ బాధంతా ఎందుకు అన్నది. తనకే తక్లీఫ్ తట్టుకోవడం చేతకావడం లేదు, పసిదానికి ఎట్లా పంచాలి అని ఏడ్చింది. ఆమె భయం నాకూ ఉంది. బడికి తిరిగి నడుస్తుంటే, ఇద్దరి చేతులూ పట్టుకున్న ఆ పిల్ల మలుపు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి దుకాణం చూస్తున్నది.

బడి గేటు దగ్గర హుస్సేన్‌బీ తనంత తానే ఆగింది. "నాకు చెప్పనీకె రాదు. నువ్వు పక్కనుండు టీచరమ్మా," అంది.

హెడ్‌మిస్ట్రెస్ వరండాలోనే నిలబడి ఉంది. ఈ ఒక్క రోజు ఆగమని బతిమాలాను. నా కాళ్లకున్న దుమ్ము చూసిందో ఏమో, తల ఊపి లోపలికి పోయింది.

మిగతా పిల్లలను పక్క క్లాసు టీచర్ ఆటకు తీసుకుపోయింది. అట్టల మీద నేను బొమ్మలు గీశాను. మిషన్ తొక్కుతున్న మస్తాన్. లారీ, టోపీలు పెట్టుకున్న మనుషులు. ఊచల కిటికీ ఉన్న ఇల్లు. ఆ కిటికీ అవతల మస్తాన్. చెప్పేది మాత్రం తల్లే చెప్పాలని ముందే అనుకున్నాం. టీచరు చెప్పింది పాఠం అవుతుంది, తల్లి చెప్పిందే నిజమవుతుంది. హుస్సేన్‌బీ నేల మీద కూర్చుని, బురఖా పైకి తీసి, తన కాలితో చెక్కను తట్టింది. జైనబ్ ఒక్కసారిగా తల్లి మీదికి వంగింది. నిద్రపోతున్నట్టు చెంపకింద చెయ్యి పెట్టుకుని, పిల్లను చూపించి, 'నువ్వు పడుకుని ఉంటివి' అని సైగ చేసింది తల్లి. లారీ బొమ్మ చూపించింది. మణికట్లు రెండూ కలిపి పట్టుకుంది. ఊచల ఇల్లు చూపించింది.

జైనబ్ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని, తల్లి చీర కొంగు లాగి తన ముఖం మీద కప్పుకుంది.

నాకు తెలియలేదు. హుస్సేన్‌బీకి తెలిసింది. కిందటేడు నాయనమ్మ పోయినప్పుడు ఆ ముసలామె ముఖం మీద తెల్లగుడ్డ కప్పడం ఈ పిల్ల చూసింది. అబ్బా కూడా అట్లా పోయాడా అని అడుగుతున్నది. ఇన్ని రోజులూ ఆ పిల్ల లోపల పెట్టుకున్నది అదన్నమాట.

"లేదు బిడ్డా, ఉన్నడు, మీ అబ్బా ఉన్నడు," అంటూ తల్లి ఆ కొంగు లాగేసింది. వినపడదని మరిచిపోయి అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నది. నేను తొందరగా ఇంకో అట్ట తీసుకుని, ఊచల ఇంట్లో మస్తాన్ కూర్చుని అన్నం తింటున్నట్టు గీశాను. చేతిలో ముద్ద, తెరిచిన కళ్లు. జైనబ్ ఆ కళ్ల మీద వేలు పెట్టి చూసింది. అప్పుడు ఏడ్చింది. తండ్రి మాయమైన తర్వాత ఆమె ఏడవడం అదే మొదటిసారి అని తల్లి చెప్పింది.

అంతటితో అయిపోలేదు. ఏడుపు ఆగాక ఆ అట్ట పట్టుకుని తాడు దగ్గరికి పోయింది. అక్షరాలు, అన్నం, ఆట, ఇల్లు. అబ్బా వచ్చేది వీటిలో ఏ రెండిటి మధ్యన అని అట్ట అక్కడా ఇక్కడా పెట్టి చూపించి అడిగింది. నేను రెండు చేతులూ విప్పి, తెలియదన్నాను. ఆమె నా చేతుల మీద కొట్టింది. పెద్దవాళ్లకు తెలియకపోవడమేమిటి అన్నట్టు చూసింది. ఏదో ఒక చోట తగిలించడం ఎంత తేలికో అప్పుడు నాకు తెలిసింది. 'రేపు' అంటే ఆ పూటకు నవ్వేది. హుస్సేన్‌బీ కూడా చెప్పెయ్యమన్నట్టు నా వైపు చూసింది. నేను ఏ బొమ్మా లేని ఖాళీ అట్ట ఒకటి తీసి, 'ఇల్లు' బొమ్మ తర్వాత, తాడు చివర తగిలించాను. దాన్ని చూపించి మళ్లీ చేతులు విప్పాను. వస్తాడు, ఎప్పుడో నాకూ తెలియదు, మీ అమ్మకూ తెలియదు. హుస్సేన్‌బీ కూడా చేతులు విప్పి చూపించింది.

ఆమె ఒప్పుకోలేదు. జైనబ్ ఆ రోజు ఖాళీ అట్టను చించి పారేసింది. మర్నాడు ఇంకోటి తగిలించాను. అదీ చించింది. మూడో అట్టను చించకుండా, వెనకవైపు ఏమైనా ఉందేమోనని తిప్పి చూసి వదిలేసింది. ఆ తర్వాత రోజూ రాగానే దాన్ని తిప్పి చూడడం, వచ్చి తన చోట కూర్చోవడం అలవాటైంది. పరుగులు ఆగిపోయాయి. కాలు తట్టడం పోలేదు, కానీ తగ్గింది. ఆమె తట్టినప్పుడల్లా నేనూ నా కాలితో తట్టి, చేతులు విప్పేదాన్ని. నీ మాట నాకు అందింది, జవాబు లేదు. అంతే. దానికే ఆ పిల్ల మళ్లీ చింతగింజల వైపు తిరిగేది. వెంకటేశానికి కూడా ఆ చప్పుడు ఎందుకో చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు గాని, చెవులు మూసుకోవడం మానేశాడు. కొన్నాళ్లకు వాళ్ల నాన్న తీసుకుపోవడానికి రావడం ఆలస్యమైన రోజు వాడు కూడా తాడు దగ్గరికి పోయి ఖాళీ అట్ట ముట్టి వచ్చాడు.

జైనబ్ సంతోషంగా ఉందని నేను చెప్పను. ఆ చలికాలమంతా చిక్కిపోయింది. హుస్సేన్‌బీ ఇళ్లలో పాచిపని చేసి, జైళ్ల చుట్టూ తిరిగి, చివరికి భర్త ఎక్కడున్నాడో కనుక్కుంది. చూసి వచ్చిన రోజు నేరుగా బడికి వచ్చి, ఆయన గడ్డం పెరిగిందని పిల్లకు సైగ చేసి చూపించింది. మేం ఊచల ఇంటి బొమ్మలో గడ్డం గీశాం.

ఎండలు ముదిరే వేళ మస్తాన్‌ను వదిలారు. అతను ఇంటికి కూడా పోకుండా మా వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. సగమైపోయాడు. క్లాసు జరుగుతున్నది. పిల్లల తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. జైనబ్ లేచి మెల్లగా పోయి, ఎదురుగా నిలబడి, అతని ముఖం చూసింది. తర్వాత రెండు పిడికిళ్లతో అతని పొట్ట మీద, తొడల మీద కొట్టడం మొదలుపెట్టింది. అతను ఆపలేదు, చేతులు వేలాడేసుకుని కొట్టించుకున్నాడు. అలిసిపోయాక ఆమె అతని చెయ్యి పట్టుకుని వరండా గోడ దగ్గరికి లాక్కుపోయి, భుజాలు నొక్కి కూర్చోబెట్టింది. అరచెయ్యి ఎత్తి, అక్కడే ఉండమన్నది. లోపలికి వచ్చి చాప మీద కూర్చుని తన అక్షరాలు పూర్తి చేసింది.

బడి వదిలేదాకా మస్తాన్ అక్కడే కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగుతూ, "దీనికి ఏం చెప్పాలె టీచరమ్మా, యాడికి పోయిన్నంటే?" అని అడిగాడు. ఆమెకు అన్నీ తెలుసు, అన్నం తిన్న సంగతి కూడా తెలుసు అన్నాను. అతను గ్లాసు కింద పెట్టి ముఖం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ గదిలోనే పనిచేశాను. క్లాసు నడపడానికి ఏం చేయాలని కొత్త టీచర్లు అడిగితే చాప ఎట్లా పరవాలో, వెలుగు ఎటు ఉండాలో ముందు చెప్పేదాన్ని. అవి కావలసినవే. కానీ పిల్ల అల్లరి చేస్తున్నదంటే, ముందు ఆ అల్లరి ఏం అడుగుతున్నదో ఇంటివాళ్ల దగ్గర కనుక్కోండి అనేదాన్ని. మనకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాలి గాని, చెప్పకుండా దాటేయకూడదు. నేను సెలవు పెట్టినా, ఒక పిల్ల బడి మానేసినా, ఎవరింట్లోనైనా మనిషి పోయినా, క్లాసులో అందరినీ కూర్చోబెట్టి చెప్పేదాన్ని. మాట రానివాళ్లకూ చెప్పేదాన్ని, బొమ్మ కూడా పట్టుకోలేనివాళ్లకూ చెప్పేదాన్ని.

ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఇది చూసి, "ఇంత చెబుతున్నారు, వీళ్లకు ఏం అర్థమవుతుందమ్మా?" అని అడిగారు.

"మనం తమకు చెప్పామన్న సంగతి అర్థమవుతుందండీ," అన్నాను.